కమాను కింది చాప

జమ్మలమడుగు పాత చర్చిలో ఉపదేశం వింటున్న నా కూతురి జడ మీద సున్నం రాలింది. తలెత్తితే పెద్ద కమాను చీలి ఉంది. పాత సున్నపు గోడలకు సిమెంటు పూయించింది ఈ ఉపదేశం చెప్పే పెద్దాయనే. చెమ్మ బయటికి రాలేక గోడ లోపలి సున్నం పొడిపొడి అయిపోయింది.

చీలిక చూపిస్తే ఆయన వాకిట్లో కుర్చీలోంచి లేవకుండానే, ఎప్పటిలా ఎద్దును చరిచినట్టు గోడను చరిచాడు. "మా తాతలు సున్నంలో బెల్లం నీళ్లు పోసి కట్టిండేదిమ్మా. యాడికీ పోదు."

"అంత గట్టిదైతే నీ కుర్చీ వాకిట్లోకి ఎందుకొచ్చింది మామా?"

"ఈడ గాలి శానా బాగొస్తాదిలే."

పిల్లల చాప మాత్రం కమాను కిందే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున నా ఇద్దరు పిల్లలకూ చెప్పాను: "ఈసారి చాప ఆయన కుర్చీ పక్కనే ఎయ్యండి. లోపలికి పొమ్మంటే, ముందు నువ్వు రా తాతా అనండి."