ఎవరూ తిరిగి చెప్పని మాటలు

మా బాపు ఊరికి చాటింపు వేసేవాడు. డప్పు కొట్టుకుంటూ వెళ్ళి, ప్రతి మూలమలుపు దగ్గరా ఆగి, పెద్దలు చెప్పమన్నది గొంతెత్తి చెప్పి, చివర్లో "ఇన్నోళ్ళు ఇననోళ్ళకు చెప్పుండ్రి" అనేవాడు. వేములవాడ నుంచి గంట బస్సు ప్రయాణం మా ఊరు. నాకు అక్కడి బడిలోనే సాంఘికశాస్త్రం టీచరుగా పోస్టింగ్ వచ్చేనాటికి పంచాయతీకి మైకు వచ్చేసింది. రేషన్ బియ్యం, పశువుల డాక్టరు, నల్లా నీళ్ళు, అన్ని కబుర్లూ మైకులోనే. ఒక్కదానికి మాత్రం ఇంకా బాపు కావాల్సి వచ్చేది. అది వెలి.

మైకులో చెబితే పంచాయతీ చెప్పినట్టవుతుంది, రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాలి. బాపుతో చెప్పిస్తే ఎవరూ చెప్పనట్టే. మా పెద్దమనుషుల తెలివికి ఎన్నడూ కొదవలేదు.

ఊరి కమిటీ అంటే పంచాయతీ కాదు. దాన్ని ఎవరూ ఓటేసి ఎన్నుకోలేదు. కొందరు పెద్దమనుషులు తమంతట తామే కూర్చుని, ఊరి మంచిచెడ్డలు చూస్తారు. గుడికి రంగులు వేయించింది వాళ్ళే, మా బడికి గేటు పెట్టించిందీ వాళ్ళే. కాదనను. ఊళ్ళో కోడిమాంసం ఎవరు అమ్మాలో ఏటా వేలంపాట పెట్టి తేల్చేది కూడా వాళ్ళే. పాట పాడుకున్నవాడు తప్ప ఇంకొకడు కత్తి పట్టుకోకూడదు.

మా పక్కింటాయన పట్టుకున్నాడు. మా వాడవాడే, వరసకు నాకు అన్న. తన ఇంటి ముందు రేకుల కింద ఒక మొద్దు వేసుకుని ఆదివారం నాడు కోళ్ళు కోయడం మొదలుపెట్టాడు. కమిటీ పిలిచి అడిగితే, "నా ఇల్లు, నా కోళ్ళు. ఎవలకేం నొప్పి?" అన్నాడట. తప్పు ఒప్పుకుని దండుగ కట్టమంటే కట్టనన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆ రోజు మా వాడలో కూడా అనుకున్నారు. నేనూ అనుకున్నాను. అతని ధైర్యం చూసి ముచ్చటపడ్డానని ఇప్పుడు రాసుకుంటే బాగుంటుంది కానీ, ఆ రోజు నాకు వచ్చింది చిరాకు.

మరునాడు పొద్దున్నే బాపు మంట దగ్గర డప్పు కాపుతున్నాడు. నాకు విషయం అర్థమైంది.

"పోకు బాపు. పానం బాగలేదని చెప్పు," అన్నాను.

"గియ్యాల బాగలేదంటె రేపు చెప్పుమంటరు."

"రేపు సుత చెప్పనను."

బాపు డప్పు తిప్పి రెండో వైపు మంటకు పట్టాడు. "రేపు నేను సస్తె మోసెటోళ్ళు గావాలె గద బిడ్డా. నీకు సర్కారు జీతం ఉన్నది. నాకు ఊరున్నది, గంతే."

ఆ ఇంటితో మాట్లాడొద్దు, ఇచ్చిపుచ్చుకోవద్దు, నీళ్ళు తాగొద్దు, మాట్లాడినవాళ్ళకూ దండుగ. ఇదీ చాటింపు. బాపు ఊరంతా తిరిగి చివరికి మా వాడకు వచ్చాడు. ఎన్నో ఏళ్ళుగా అతని చాటింపు అక్కడే ముగిసేది. ఆ పక్కింటి వదిన చెంబెడు నీళ్ళు తెచ్చి ఇచ్చేది, తాగి డప్పు దించేవాడు. ఆ రోజు కూడా ఆమె అలవాటు కొద్దీ చెంబుతో గడప దాటింది. తన ఇంటి నీళ్ళు ముట్టొద్దన్న మాట ఆమె చెవిలో ఇంకా పడుతూనే ఉంది. బాపు చెంబు వంక చూశాడు, తల దించుకున్నాడు, మా ఇంట్లోకి వచ్చి కుండలోంచి ముంచుకుని నాలుగు గ్లాసులు తాగాడు. ఆమె చాలాసేపు చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, అప్పుడు ఎనిమిదో తరగతి. ఇంట్లో నన్ను అత్తా అని, బడిలో టీచర్ అని పిలిచేది. రెండింటినీ ఎన్నడూ కలిపేది కాదు. మంచి గొంతు. మా బడిలో ప్రార్థన అయ్యాక రాజ్యాంగ ప్రవేశిక చదివించే అలవాటు పెట్టింది నేనే. సాంఘికశాస్త్రం పుస్తకం మొదట్లో అచ్చేసిన ఆ మాటలు చదివి పిల్లలు రోజూ నోట పలికితే, ఏదో ఒకనాటికి గుండెలోకి దిగుతాయని నా పిచ్చి నమ్మకం. ఆ పిల్ల ఒక్కో మాటా గట్టిగా చెప్పేది, మిగతా బడి అంతా తిరిగి చెప్పేది.

చాటింపు తర్వాతి సోమవారం ఆమె ఎప్పటిలాగే ముందుకు వచ్చి నిలబడింది. మొదటి మాట చెప్పింది. ఎవరూ తిరిగి చెప్పలేదు.

వినపడలేదేమో అనుకుని ఇంకా గట్టిగా చెప్పింది. న్యాయం అంది. మౌనం. స్వేచ్ఛ అంది. మౌనం. ముందు వరసలో ఒక చిన్న పిల్ల నా కొంగు లాగి, చాలా మర్యాదగా అడిగింది: "టీచర్, ఆ అక్క ఎన్క చెప్తె ఆ అక్కతోని మాట్లాడినట్టా? మా ఇంట్ల దండుగ పడతదా?"

అప్పుడు నేను చేయాల్సింది చాలా చిన్న పని. ఆ పిల్ల పక్కన నిలబడి ఆమె చెప్పిన మాటను నేను తిరిగి చెప్తే చాలు. పెద్ద గొంతు కూడా అక్కర్లేదు. గేటు బయట ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు నిలబడి చూస్తున్నారు. బాపు గుర్తొచ్చాడు, మోసే భుజాలు గుర్తొచ్చాయి. నేను ఆమె చేతిలోంచి పుస్తకం తీసుకుని పక్కనున్న ఇంకో అమ్మాయికి ఇచ్చాను. ఆ అమ్మాయి సమానత్వం అన్నది. బడి మొత్తం పైకప్పు ఎగిరిపోయేలా సమానత్వం అన్నది. ఆ పిల్ల వెళ్ళి వరస చివర నిలబడి, తనూ వాళ్ళతో పాటు ఆ మాటే అన్నది. నేను చూశాను.

ఆ తర్వాత ఆమెను నా బల్ల పక్కన ఒక్కదాన్నే కూర్చోబెట్టాను. ఎవరూ ఏమీ అనకుండా కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి కమిటీ బడి దాకా రానే లేదు. ఆ పని వాళ్ళకు శ్రమ లేకుండా నేనే చేసిపెట్టాను.

వాళ్ళ నాన్న ఎక్కడో అర్జీ పెడితే ఒక అధికారి విచారణకు వచ్చాడు. వచ్చి ఎక్కడ కూర్చున్నాడు? కమిటీ కట్టించిన హాల్లోనే. వాళ్ళు తెప్పించిన చాయ్ తాగుతూ, వెలి పెట్టారా అని అడిగాడు.

"ఎవలు వెట్టిన్రు సార్? ఎవలతోని మాట్లాడాల్నో ఎవలిష్టం వాళ్ళది. గిదే స్వేచ్ఛ గాదా?" అన్నాడు కమిటీ పెద్దాయన. "నా సొంత తమ్ముడు జేసినా గిదే లెక్క. మాకు అందరు సమానమే. ఊరంత కూసోని చెప్పింది, గది న్యాయం గాదంటె ఇంకేది న్యాయం?"

మూడు మాటలూ వరసగా వాడాడు. ఇరవయ్యేళ్ళుగా నేను బ్లాక్‌బోర్డు మీద రాసి, అర్థాలు చెప్పి, పరీక్షల్లో అడిగి మార్కులు వేసిన మాటలు. బడి ముఖం చూడని మనిషికి అవి నాకంటే బాగా ఉపయోగపడ్డాయి. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

అధికారి నా వైపు తిరిగాడు. "టీచరమ్మా, మీరు చదువుకున్నవారు. బడిలో ఆ పిల్ల పరిస్థితి ఎలా ఉంది?"

గోడ దగ్గర నేల మీద బాపు కూర్చుని ఉన్నాడు. ఊరంతా నన్నే చూస్తోంది. ఎదురుగా నిలబడి అన్న కూడా చూస్తున్నాడు. సాక్ష్యం చెప్పమని అతను ఊళ్ళో ఎవరినీ అడగలేదు. నేను ఉన్నాను కదా అన్న ధీమాతో అడగలేదు.

"పిల్లలందరూ కలిసే ఉంటున్నారు సార్," అన్నాను.

అన్న ముఖంలో ఆశ్చర్యం కనిపిస్తుందేమోనని చూశాను. కనిపించలేదు. అధికారి సంతకాలు చేయించుకుని వెళ్ళిపోయాడు. నేనూ సంతకం పెట్టాను.

కిరాణా కోసం పక్క ఊరికి నడిచి, పిండి పట్టించడానికి ఇంకో ఊరికి నడిచి, ఆ ఎండాకాలం దాకా వాళ్ళు ఓపికపట్టారు. తర్వాత ఆదిలాబాద్ దారిలో ఉన్న ఇచ్చోడ వెళ్ళిపోయారు. అక్కడ రోడ్డు పక్కన ఏ వేలంపాటా లేకుండా కోళ్ళు అమ్ముకోవచ్చు. టీసీ కాగితం నింపింది క్లాస్ టీచరైన నేనే. బడి విడవడానికి కారణం అన్న చోట 'తండ్రి ఉపాధి నిమిత్తం' అని గుండ్రటి చేతిరాతతో రాశాను. ఆ పిల్ల కాగితం తీసుకుంది. టీచర్ అనలేదు, అత్తా అనలేదు.

రెండేళ్ళకు బాపు పోయాడు. కోరుకున్నట్టే ఊరంతా వచ్చింది. పాడె దగ్గర భుజాలకు కొదవ లేదు. ఎవరు చెప్పారో ఏమో, ఇచ్చోడ నుంచి మొదటి బస్సుకు అన్న కూడా వచ్చి, కరెంటు స్తంభం దగ్గర నిలబడ్డాడు. పాడె లేపినప్పుడు ఒక్క అడుగు ముందుకు వేశాడు. మోస్తున్నవాళ్ళు టక్కున ఆగిపోయారు. అతను ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు. పాడె కదిలింది.

రా అన్నా, పట్టు. ఇంతే నేను అనాల్సింది. పోయింది నా తండ్రి, ఆ పాడె మీద నాకు కాక ఎవరికి హక్కు? అనలేకపోయాను. బాపు కోసం భయపడుతున్నానని అన్నాళ్ళూ అనుకున్నాను కదా, మరి బాపు పోయాక ఎవరి కోసం భయపడ్డాను? ఆ భయం మొదటి నుంచీ నాదేనని అప్పుడు తెలిసింది. బాపు నాకు మంచి సాకు అయ్యాడు. అది తెలిసినప్పటి నుంచి నా మీద నాకు గౌరవం లేదు.

బడిలో ప్రవేశిక ఇప్పటికీ చదివిస్తున్నాను. ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు.

మొన్న ట్రైనింగ్ కోసం ఆదిలాబాద్ వెళ్తుంటే బస్సు ఇచ్చోడలో చాయ్ కోసం ఆగింది. దిగి నిలబడ్డాను. పక్క కొట్టు దగ్గర కాలేజీ బ్యాగుతో ఒక అమ్మాయి నన్నే చూస్తోంది. పొడుగైంది, ముఖం మాత్రం వాళ్ళమ్మదే. గుర్తుపట్టాను. ఎన్నేళ్ళుగానో ఆమెకు చెప్పాలని కూడబెట్టుకున్న మాటలన్నీ నోటి దాకా వచ్చాయి.

నోరు తెరిచే ముందు నేను వెనక్కి తిరిగి చూశాను. బస్సు కిటికీలు చూశాను, చాయ్ తాగుతున్నవాళ్ళ ముఖాలు చూశాను. నాకు తెలియకుండానే చూశాను.

ఆ పిల్లకు తెలిసింది. రెండడుగులు దగ్గరికి వచ్చి, మెల్లగా అన్నది: "ఫికర్ జెయ్యకు అత్తా. మనూరోళ్ళు ఎవలు లేరు ఈడ. మాట్లాడొచ్చు."

ఎత్తిపొడిచి ఉంటే భరించేదాన్ని. ఆ మాట ఆమె నాకు ధైర్యం చెప్పడానికి అన్నది.