దుమ్ము రోజు పట్టుచీర

ఇవాళ మేముండే ఈ ఎడారి ఊరు ఎగైలాలో దుమ్ము తుఫాను. కిటికీ సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కుతుంటే, ఆ మట్టి వాసనకి అమ్మ నెమలికంఠం రంగు పట్టుచీర గుర్తొచ్చింది.

నా ఎనిమిదో ఏట ఈ పక్కనే ఉన్న ఫింటాస్‌లో ఉండేవాళ్లం. ఆ రోజూ ఇలాగే దుమ్ము లేచి బడికి సెలవిచ్చారు. గదిలోకి వెళ్లి చూస్తే, అమ్మ ఆ చీర కట్టుకుని అద్దం ముందు తనలో తనే నవ్వుకుంటోంది.

"ఎవరొస్తున్నారమ్మా?" అన్నాను.

"ఈ దుమ్ములో ఎవరొస్తారే? నాకే కట్టుకోవాలనిపించింది. బాగుందా?"

మా ఇంట్లో పట్టుచీరంటే ఫోటో. అమలాపురం చుట్టాల గ్రూపుకి పంపాలి, వాళ్లు బాగుందనాలి. అప్పుడే అది బాగున్నట్టు. అందుకే జవాబు చెప్పకుండా ఫోన్ కోసం పరిగెత్తాను.

నేను ఫోన్ గురిపెట్టగానే అమ్మ కొంగు సర్దుకుని, ఎప్పటిలా ఫోటో నవ్వు నవ్వింది. సాయంత్రం దాకా వచ్చిన మెచ్చుకోళ్లన్నీ చదివి వినిపించాను. చీర మడతపెడుతూ "ఊఁ" అంది.

ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. అద్దంలో నవ్వుకున్న అమ్మ మాత్రం అందులో లేదు. ఆ నవ్వు చూసింది నేనొక్కదాన్నే. బాగుందా అని అడిగిందీ నన్నొక్కదాన్నే.