మూడో భాగం చూసొచ్చిన ఏడాది

మొన్న మధ్యాహ్నం వంటింట్లో పోపు వేస్తుంటే, హాల్లో టీవీలోంచి కిర్రుమని తలుపు చప్పుడు వినబడింది. గరిటె పట్టుకునే వెళ్లి చూశాను. అదే దెయ్యం సినిమా, మూడో భాగం. పోపు మాడిన వాసన వచ్చేదాకా అక్కణ్నుంచి కదల్లేకపోయాను. వసంతక్క పోయాక ఆ సినిమా నా కంటబడటం అదే మొదలు.

వసంతక్క పాకాల బళ్లో నాకు సీనియర్ టీచరు. తొంభైల్లో కొత్తగా ఉద్యోగంలో చేరి, వాళ్లింటి పక్క వాటాలోనే అద్దెకు దిగాను. ఆమె భర్త రైల్వేలో గార్డుగా చేస్తూ చిన్న వయసులోనే పోయాడు. పిల్లల్లేరు. క్లాసులో ఆమె గొంతు వింటే పిల్లలకు గుండెలు జారేవి. అలాంటి మనిషికి దెయ్యం సినిమాల పిచ్చి ఉందంటే ఎవరు నమ్ముతారు? శనివారం ఒంటిపూట బడి అయితే చాలు, నన్ను వెంటబెట్టుకుని మ్యాట్నీకి బయల్దేరేది.

మొదటి భాగమంటే ఆమెకు ప్రాణం. ఒకే ఇంట్లో, నలుగురు మనుషులతో చుట్టేసిన సినిమా అది. పెద్దల అమావాస్య నాడు చనిపోయిన భర్తకు ఆకేసి, ఇష్టమైనవన్నీ వడ్డించి, ఆయన వచ్చి తినిపోవాలని మా వైపు చేసినట్టే తలుపు మూసి అందరూ బయట నిలబడతారు. లోపల నీళ్లచెంబు కదిలిన చప్పుడవుతుంది. అంతే, దెయ్యాన్ని చూపించనే లేదు. నేను హడలిపోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకుంటోంది.

రెండో భాగంలో గోడమీద నీడ చూపించారు. "నీడ వరకూ బాగుండాది. ఇంగ మూడోదాంట్లో ఆయప్ప పెండ్లాంతో ఒక మాటన్నా మాట్లాడతాడు, సూడు పాపా," అంది. అప్పట్నుంచి ఆ మాట కోసమే ఎదురుచూపులు. పోస్టరేమైనా పడిందేమోనని గోడలు చూసుకుంటూ బడికి నడిచేది. నేను తెగ ఏడిపించేదాన్ని.

ఏళ్ల తరవాత మూడో భాగం వచ్చింది. తిరుపతికి బస్సులో వెళ్లి మరీ చూశాం. దెయ్యం ముఖానికి పిండి పూసినట్టుంది, మెడ దగ్గర రబ్బరు ముసుగు అంచు లేచి కనిపిస్తోంది. హాలంతా ఒకటే నవ్వులు. ఆఖరికి పెళ్లామే మంత్రగాణ్ని పిలిపించి, మొగుణ్ని సీసాలో బంధింపజేసింది. వసంతక్క చటుక్కున లేచి బయటికి నడిచింది. పాకాలలో బస్సు దిగేటప్పుడు, "వచ్చినోణ్ని తరుముతారా యాడన్నా? ఆయమ్మకేం పుట్టింది?" అంది.

ఆ ఏడు అమావాస్యకు ఓళిగలు, అలసంద వడలు వడ్డించి, ఆకు పక్కన కొత్త పంచె పెట్టింది. చుట్టాలు బయటికి నడిచారు. ఆమె మాత్రం తలుపు వేయకుండా ఆకుకు ఎదురుగా కూర్చుంది.

"తప్పు వదినా, బయటికి రా," అని ఆడపడుచు బతిమాలింది.

"నేనీడే ఉంటా. ఆయన నన్ను సూసి పోవాల గదా."

నేను గడప దగ్గరే నిలబడ్డాను. వడల మీద ఈగలు వాలాయి. ఆకులో పెట్టింది పెట్టినట్టే ఉంది. చాలాసేపటికి ఆమె నావైపు తిరిగింది.

"రాలేదు పాపా."

"వచ్చే ఏడు వస్తాడులేక్కా," అన్నాను.

"తలుపేసి ఉంటే, వచ్చి తిని పోయినాడనే అనుకోనుందును గదా," అని పంచెను ఒళ్లోకి తీసుకుని భోరుమంది. ఆమె అలా ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

మరుసటేడు తలుపు తనే వేసింది. కొన్నేళ్లకు మా నాయన పోయి, నేను ఆయన పేరు కూడా ఎత్తలేకపోతున్న రోజుల్లో, "మీ నాయన ఏమేం ఇష్టంగా తినేవాడో చెప్పు," అని పక్కన కూర్చుని అమావాస్యకు అన్నీ నాచేత వండించింది. చెబుతూ, ఏడుస్తూ వండాను. ఆ తరవాతే నాకు నాయన మళ్లీ దక్కాడు.

చుట్టరికమేమీ లేకపోయినా, ఇప్పుడు నాయన ఆకు పక్కనే ఆమెకూ ఒక ఆకు వేస్తాను. తలుపు మూసి అందరం బయట నిలబడతాం. ఆకలేస్తోంది, తలుపు తియ్యమని పిల్లలు గోల చేస్తారు. వసంతక్క నిదానంగా తింటుంది, ఇంకాసేపు ఆగండి అంటాను.