గిట్టుబాటుగారి మీగడరంగు కారు

పైపుల ఫ్యాక్టరీలో ఆయన కొనుగోళ్ళ గుమాస్తా. చీపురు కొనాలన్నా మూడు కొటేషన్లు రావాలి. ప్లాస్టిక్ బకెట్ నమూనా వస్తే దాన్ని బోర్లించి, మీద కూర్చుని చూసేవాడు. నిలిస్తే సంతకం, విరిగితే వాపసు. ఏది చూపించినా ముందు "గిట్టుబాటు కాదు" అనడం అలవాటు కాబట్టి ఫ్యాక్టరీ అంతా ఆయన్ని గిట్టుబాటుగారనే పిలిచేది. చాటున భార్య కూడా అలాగే అనేది. తనను మాత్రం ఒక్క కొటేషన్‌తోనే చేసేసుకున్నారని, ఆ తొందరపాటుకు ఇప్పటికీ లోలోపల కుమిలిపోతున్నారని నవ్వేది.

మనిషి చెడ్డవాడు కాదు. పొద్దున్నే గేటు కాపలాదారుకి తన ఫ్లాస్కులో టీ సగం పోసిగాని లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. తల్లి పోయాక తనను పెంచి పెద్దచేసిన అక్కంటే ప్రాణం పెట్టేవాడు. కానీ ఎంత గట్టి కుండకైనా దేవుడు ఎక్కడో ఓ సన్నటి చిల్లు ఉంచుతాడు. ఈయన చిల్లులోంచి ఏకంగా కారు దూరింది.

చిన్న కారే గానీ గొప్పింటి పిల్ల. అదే కంపెనీ పెద్ద కారు కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలి. ఇదైతే ఉద్యోగమంతా కూడబెట్టినదానితో సరిపోతుంది. మూతి మీది బిళ్ళ మాత్రం రెండింటికీ ఒకటే. చూసేవాళ్ళు బిళ్ళ చూస్తారుగాని టేపు పెట్టి పొడవు కొలుస్తారా అన్నది ఆయన వాదన. అంతకంటే గిట్టుబాటు బేరం లోకంలో లేదని తేల్చేశాడు.

అలవాటు ప్రకారం మూడు షోరూములు తిరిగాడు. మొదటి కారులో చోటు బోలెడంత ఉంది, కానీ సీట్లకు నల్లగుడ్డ. బడి బస్సులా ఉందని దిగిపోయాడు. రెండోదాని లోపలి ప్లాస్టిక్‌ని వేలి కణుపుతో కుండను కొట్టినట్టు కొట్టిచూసి పెదవి విరిచాడు. మూడోదాంట్లో కూర్చోగానే మనసు కరిగిపోయింది. మీగడరంగు తోలు సీట్లు, దర్జీలు కుళ్ళుకునేంత సన్నటి కుట్టు, కోరిన రంగులో వెలిగే దీపాలు. చెక్కలా కనిపించే పట్టీని నిమిరి నిమిరి మురిసిపోయాడు. అది చెక్క బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్కని అమ్మేవాడు చెప్పలేదు, ఈయన అడగలేదు. చేతిపక్క పెట్టె మూత చప్పుడు లేకుండా, అత్తవారింట్లో కొత్తల్లుడిలా మెల్లగా మూసుకునేది. దాన్ని తెరిచి మూసి, తెరిచి మూసి అక్కడే పొద్దు పుచ్చాడు. పాపం ఆ అమ్మేవాడు ఓపికగా నిలబడి, రెండుసార్లు మంచినీళ్ళు కూడా తెచ్చి ఇచ్చాడు.

ఇదంతా డ్రైవరు సీట్లోంచే. వెనక కూడా ఓసారి కూర్చుని చూడమని భార్య అంది.

"డబ్బు కట్టేవాడు ముందు కూర్చుంటాడే. వెనక కూర్చునేవాళ్ళతో మనకేం పని?" అన్నాడు, బకెట్ల మీద కూర్చున్న మహానుభావుడు.

కారు వచ్చిన కొన్నాళ్ళకే అక్కకు మోకాలి ఆపరేషన్ జరిగింది. ఆవిణ్ణి తన కారులో పువ్వులా ఇంటికి తెస్తానని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. కొన్నాళ్ళపాటు కాలు మడవకూడదని, కుదుపు తగిలితే కుట్లు తెగుతాయని డాక్టరు మరీమరీ చెప్పి పంపించాడు. అక్క భయమూ అదొక్కటే. ఇంకోసారి ఆ బల్ల ఎక్కే ఓపిక తనకు లేదని దారిపొడవునా చెబుతూనే చక్రాల కుర్చీలో ఆసుపత్రి వాకిట్లోకి వచ్చింది.

ముందు సీటు నేలకు జానెడెత్తున ఉంది. ఆవిడ తలుపు పట్టుకుని సగం వంగి, మూలిగి, మళ్ళీ లేచింది. నన్ను బావిలోకి దింపుతున్నావేమిట్రా అని విసుక్కుంది. వెనకవైపు ప్రయత్నిస్తే చాచిన కాలికి చోటే లేదు. సీటు పొడవునా కాలు చాపుకుని కూర్చోవడం ఒక్కటే దారి. అప్పుడు చూశాడాయన, కట్టు అంచున ఎర్రటి మందు. పరుగున వెళ్ళి డిక్కీలోంచి ప్లాస్టిక్ పట్టా తెచ్చి మీగడ మీద పరిచాడు. కుర్చీ తోసుకొచ్చిన ఆయా ఒకసారి పట్టాను చూసింది, ఒకసారి ఆయన్ని చూసింది.

అక్క కూర్చుంది. కూర్చున్నదల్లా పట్టామీద సర్రున జారింది. ఆయా చటుక్కున వంగి మడమను అరచేతుల్లో పట్టుకోకపోతే కట్టు వెళ్ళి తలుపుకే కొట్టుకునేది. లోపల దీపాలు మాత్రం నీలం నుంచి గులాబీకి తీరిగ్గా మారుతున్నాయి.

"ఏరా, ఆపరేషనైంది నాకా, ఈ సీటుకా?" అంది అక్క, ఊపిరి కూడదీసుకుని.

"అది కాదక్కా. లేతరంగు కదా, మరక పడితే పోదు."

"నీకు గిట్టుబాటైంది, సంతోషం. నా మోకాలికి మాత్రం గిట్టలేదు నాయనా. నన్ను దించు."

ఆసుపత్రి దుప్పట్లు ఉతికి తెచ్చే వ్యాను అప్పుడే ఖాళీ అయింది. ఆయా కేకేస్తే డ్రైవరు మారు మాట్లాడకుండా దుప్పట్ల తోపుడుబళ్ళు ఎక్కించే ఏటవాలు పలక దించాడు. కుర్చీని కుర్చీగానే లోపలికి నడిపించి, చక్రాలు కదలకుండా కట్టేశాడు. కుర్చీ తిరిగి తెచ్చే పూచీ తనదని ఆయాకు మాటిచ్చాడు. అడ్డపలక మీద దుప్పటి మడతపెట్టి, దానిమీద ఆవిడ కాలు ఆనించాడు. వెంట వచ్చిన భార్య కూడా ఎక్కి వదిన పక్కనే కూర్చుంది.

"మీరు కారులో వెనకాలే రండి. ఇప్పుడు మరక భయం లేదుగా" అంది.

తాళంచెవి పట్టుకుని ఆయన కారు దాకా వెళ్ళాడు. కారు తలుపులు వేసి, పడ్డాయో లేదో లాగి చూసి, వ్యాను ఎక్కాడు. కూర్చోవడానికి చోటు లేదు. నేలమీద చతికిలబడి, ఆయా పట్టుకున్నట్టే అక్క మడమను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ప్రతి గతుకుకీ అది తన కాలే అయినట్టు ఉలిక్కిపడ్డాడు.  అక్క వంగి, ఆయన చొక్కాకంటిన దుప్పటి నూగు దులిపింది.

సగం దారిలో ఫోను మోగింది. అవతల బావ. అక్కను తీసుకొస్తున్నావా, ప్రయాణం ఇబ్బందేం లేదు కదా అని అడిగాడు.

"హాయిగా వస్తోంది బావా" అన్నాడు గిట్టుబాటుగారు.

దేంట్లో అని బావ అడగలేదు. ఈయన చెప్పలేదు.