గౌరవంగా తొడిగిన ఎర్రకోటు

ఆగస్టులో, ముసురు పట్టిన ఒక పొద్దున పంజాగుట్ట పోస్టులో రిపోర్టయ్యాను. పోస్టు అంటే సరిహద్దు కాదు. ఐదంతస్తుల అద్దాల బిల్డింగు, అందులో అమెరికావాళ్ల ఫోన్లకు జవాబు చెప్పే కాల్ సెంటర్. పటాలం వదిలి యూసుఫ్‌గూడలో పెన్షన్ మీద కూర్చున్న నన్ను సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు గేటు కాపలాకు తీసుకున్నారు. మంచుకొండల్లో కాపలా కాసినవాడు కాల్ సెంటర్ గేటు కథ చెప్పడమేంటని మీరు నవ్వొచ్చు. నవ్వండి. సర్వీసులో ఏ పోస్టూ నన్ను ఇంత దెబ్బ కొట్టలేదు, అందుకే దీని గురించి చెబుతున్నాను.

ముందు అమీర్‌పేట నుంచి వచ్చే రోడ్డు, మధ్యలో నడుమెత్తు డివైడర్, దాటడానికి అందులో ఒక సందు. అవతల పెద్దాసుపత్రి. మా వైపంతా జావా, ఒరాకిల్ కోచింగ్ బోర్డులు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల పిల్లలు తెల్లారకముందే క్లాసులకు బారులు తీరేవారు. నాకిచ్చిన సామాను: నీలం యూనిఫాం, ఒక సైజు చిన్న బూట్లు, లాఠీ, విజిల్, వాకీటాకీ. డ్యూటీ ఆరు నుంచి రెండు.

పొద్దుటి డ్యూటీలో ముగ్గురం. గేటు నాది. పార్కింగ్ గౌస్ భాయ్‌ది. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. లిఫ్టు ప్రకాశానిది. గుంటూరు వైపు మనిషి, నాలాగే మాజీ సైనికుడు, నోట్లో నాలుక లేనివాడు. పైనుంచి ఆర్డరొస్తే కాదనడం అతని ఒంట్లో లేదు.

మంచు పోస్టులో మాకొక కట్టుబాటు ఉండేది. ఎవరి పండగొస్తే వాళ్ల కాపలా మిగతావాళ్లు కాయాలి. పొద్దున్నే వాళ్ల బంకర్ ముందు నిలబడి, వాళ్ల మాటలోనే శుభాకాంక్షలు చెప్పాలి. నా ఉగాదికి ఒక నాగా సిపాయి కాపలా కాశాడు. ఉగాది అంటే ఏంటో అతనికి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. వేళ్లు కొంకర్లు పోయే చలిలో నా బదులు నిలబడ్డాడు, అంతే చాలు. పంజాగుట్టలోనూ మేం ముగ్గురం అదే పెట్టుకున్నాం. దసరాకు నా గేటు వాళ్లిద్దరూ చూశారు. మర్నాడు జమ్మాకు చేతిలో పెడితే ఇద్దరూ జేబులో భద్రంగా వేసుకున్నారు.

డిసెంబరొచ్చింది. ఆ ఏడు రంజాన్ ఉపవాసాలూ క్రిస్మసూ ఒకే నెలలో పడ్డాయి. క్యాబ్ డ్రైవర్లలో సగంమంది అయ్యప్ప మాలలో ఉన్నారు. ట్రైనర్ మేడం ఫోన్లు మాట్లాడే పిల్లలతో పాటు మమ్మల్ని కూడా కూర్చోబెట్టి చెప్పింది. "అవతలివాళ్ల పండగ ఏదో మనకు తెలీదు. కొందరు చెట్టు పెడతారు, కొందరు రోజుకో దీపం పెడతారు, కొందరికి ఏ పండగా ఉండదు. అందుకే ఈ నెలంతా అందరికీ హ్యాపీ హాలిడేస్ అనండి." నాకు నచ్చింది. మా మంచు పోస్టు పద్ధతిని ఎవరో ఇంగ్లీషులో పెట్టారనుకున్నాను.

ఆ నెలలోనే ప్రకాశం భార్య మార్తమ్మ ఎదురు ఆసుపత్రిలో చేరింది. గుండె జబ్బు. మూడో అంతస్తు, రోడ్డు వైపు కిటికీ పక్కన మంచం. చర్చికి తీసుకెళ్లడానికి వీల్లేదన్నారు డాక్టర్లు. పండగ పొద్దున చర్చివాళ్లే వార్డుకొచ్చి పాట పాడతామన్నారు.

"సర్వీసంతా ప్రతి క్రిస్మస్‌కీ నా ఉత్తరమే ఇంటికెళ్లింది గానీ నేనెళ్లలేదన్నా," అన్నాడు ప్రకాశం టీ తాగుతూ. "ఈసారి పక్కనే కూర్చుంటానని మాటిచ్చాను. ఇంకో క్రిస్మస్ ఉంటదో లేదో."

"ఫికర్ చేయకు భాయ్," అన్నాడు గౌస్. "నీ లిఫ్టు నేను చూస్త. నా ఈద్‌కు నువ్వు పార్కింగ్ చూడు. హిసాబ్ బరాబర్."

అలా అయిపోయుంటే మీకు చెప్పడానికేమీ ఉండేది కాదు.

క్రిస్మస్ ముందురోజు అడ్మిన్ సార్ మా ముగ్గురినీ పిలిచాడు. చిన్నవాడు, మంచివాడు. మమ్మల్నెప్పుడూ 'గారు' అనే పిలిచేవాడు. టేబుల్ మీద ఎర్రకోటు, ఎర్రటోపీ, దూదిగడ్డం ఉన్నాయి. రాత్రంతా ఫోన్లు మాట్లాడి దిగే పిల్లలకు గేటు దగ్గర శాంటా చెయ్యూపాలి, తర్వాత మేనేజర్‌తో ఫొటో. ఇదీ ఆర్డర్.

"ప్రకాశం గారూ, ఇది మీ పండగ. ఈ గౌరవం మీకే దక్కాలి," అన్నాడు.

ప్రకాశం సావధాన్‌లో బిగుసుకున్నాడు. నేనే నోరు తెరిచాను. "సార్, ఆయన ఇంటామె ఎదురు దవాఖానల ఉన్నది. పొద్దున్నే ఆయన ఆడుండాలె. కోటు నాకియ్యండి, నేనేస్కుంట."

"మీరు హిందువులు కదండీ. మీ చేత వేయించడం పద్ధతి కాదు."

"నేనేస్కుంట సార్," అన్నాడు గౌస్.

"అయ్యో, ఉపవాసంలో ఉన్న మనిషికి ఆ వేషమేంటి గౌస్ గారూ? మనం అందరి మతాన్నీ గౌరవించాలి. అసలు మీరు రేపు సెలవు తీసుకోండి, రంజాన్ నెల కదా." తర్వాత ప్రకాశం భుజం తట్టాడు. "ఫొటో అవగానే వెళ్లిపోండి. ఎదురే కదా."

సెలవు కావాల్సినవాడికి కోటు దక్కింది. అడగనివాడికి సెలవు దక్కింది. తిట్టినవాడితో అయితే కొట్లాడొచ్చు. గౌరవంగా మెడలో దండేసి కట్టేసేవాడితో ఎలా కొట్లాడాలో ఏ పటాలంలోనూ నేర్పలేదు.

గౌస్ ఆ సెలవు తీసుకుని పొద్దున్నే వార్డుకెళ్లి మార్తమ్మ మంచం పక్కన కూర్చున్నాడు. ఒక వాకీటాకీ అతనికిచ్చి పంపాను. మంచు పల్చగా ఉంది. ప్రకాశం బక్కమనిషి. కోటు నిండడానికి లోపల రెండు తువ్వాళ్లు కుక్కారు. దూదిగడ్డం పైనుంచి అతని కళ్లు మూడో అంతస్తు కిటికీ మీదే ఉన్నాయి.

"గేట్, గేట్, వార్డ్." వాకీటాకీ సెట్టులో గౌస్ పిలిచాడు.

"చెప్పు, వార్డ్."

"వదినకు ఎర్రకోటు కనవడ్తున్నది. నవ్వుతున్నది. ప్రకాశం భాయికి చెప్పు."

చెప్పాను. కిటికీ వైపు చెయ్యెత్తి ఊపాడు. పాట మొదలవగానే గౌస్ బటన్ నొక్కి అలాగే పట్టుకున్నాడు. ప్రకాశం నా సెట్టు తీసుకుని దూదిగడ్డానికి ఆనించుకుని విన్నాడు. అతనికి దక్కిన క్రిస్మస్ అంతే. షిఫ్టు దిగిన పిల్లలు పోతూ పోతూ "హ్యాపీ హాలిడేస్ అంకుల్" అంటున్నారు. అందరికీ చెయ్యెత్తాడు. ఎనిమిదిన్నరకు రావాల్సిన మేనేజర్ తొమ్మిదైనా రాలేదు. నువ్వెళ్లిపో, నేను చూసుకుంటానన్నాను. ఫొటో కాలేదన్నాడు.

"అన్న, ప్రకాశం భాయిని జల్ది పంపు. జల్ది."

ఈసారి గేట్ అనలేదు, వార్డ్ అనలేదు. ప్రకాశం విన్నాడు. ఆ కోటుతోనే, గడ్డంతోనే రోడ్డు మీదికి పరుగెత్తాడు. గేటు వదలకూడదు కాబట్టి నేను నిలబడి చూశాను. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. "హ్యాపీ క్రిస్మస్!" "హాయ్ శాంటా!" బైకులవాళ్లు హారన్లు కొట్టారు. సగం రోడ్డు దాటి డివైడర్ దగ్గర ఆగాడు. ఎందుకాగాడో చివర చెబుతాను. మళ్లీ పరుగెత్తి ఆసుపత్రి గేట్లో మాయమయ్యాడు.

కాసేపటికి సెట్టు మోగింది. గౌస్ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"అయిపోయింది అన్న. భాయి ఇంక మెట్ల మీదనే ఉన్నడు."

సాయంత్రం ప్రకాశం ఎర్రకోటును పటాలంలో దుప్పటి మడిచినట్టు నాలుగు మూలలూ కలిపి మడిచి గౌస్ చేతికిచ్చాడు. భార్యను తీసుకుని ఊరెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అడ్మిన్ సార్ గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేను గౌరవంగానే ఇచ్చాను కదండీ?" అని అడిగాడు. అవును, గౌరవంగానే ఇచ్చాడు. ఇప్పటికీ అతని మీద కోపం తెచ్చుకుందామంటే రాదు. అదే నాకు భరించరానిది.

గౌస్ ఈద్‌కు పార్కింగ్ నేను చూశాను. "ఈద్ ముబారక్ భాయ్" అన్నాను. "ఖైర్ ముబారక్" అన్నాడు, మొహం పక్కకు తిప్పుకుని. సంక్రాంతి రాకముందే లాఠీ, విజిల్, బూట్లు అప్పజెప్పి యూసుఫ్‌గూడకు నడుచుకుంటూ వచ్చేశాను. ఆ తర్వాత ఏ పండగకూ ఎవరికీ నోరారా శుభాకాంక్షలు చెప్పలేకపోయాను. మా కట్టుబాటు ఆ రోడ్డు మీదే చచ్చిపోయింది.

డివైడర్ దగ్గర ఎందుకాగాడో చెబుతానన్నాను కదా. అక్కడ ఒకామె చంటిపిల్లను ఎత్తుకుని రోడ్డు దాటడానికి నిలబడి ఉంది. శాంటాను చూసి మురిసిపోయి, పిల్ల చెయ్యి పట్టి ముందుకు చాపింది. పైన కిటికీలోంచి గౌస్ రెండు చేతులూ ఊపి రమ్మంటున్నాడు. కింద ప్రకాశం, ఎగశ్వాసతో భుజాలు ఎగిరిపడుతుండగా, వంగి ఆ చిన్న చెయ్యి అందుకుని మెల్లగా ఊపుతున్నాడు.