కొంగల చింతచెట్టు

పంతొమ్మిదివందల అరవైలలో మోత్కూర్ బడిలో పంతులుగా ఉన్నప్పుడు, ఊరివాళ్లమంతా కలిసి ఒక క్యాలెండర్ వేశాం. అన్నీ మా చుట్టుపక్కల చెట్ల, పిట్టల ఫోటోలే. క్యాలెండర్లు అమ్మితే వచ్చిన డబ్బుతో పిల్లలను పొలాలకు, గుట్టలకు తీసుకుపోయి పాఠం చెప్పాలనుకున్నాం. ఫోటో స్టూడియో సాయిబు బొమ్మలన్నీ ఊరికే తీసిచ్చాడు. మొదటి పేజీలో ఒక రైతు మెట్టచేను, చెలకలోని చింతచెట్టు, దాని నిండా కొంగల గూళ్లు.

క్యాలెండర్ వచ్చిన వారానికి ఆ రైతు భార్య బడికి వచ్చింది. ఆయన పోయి నెల కాలేదు. చితికి ఆ చెట్టునే కొట్టారట.

"మా చెట్టు బొమ్మ జర చూపియ్యి సారూ," అంది.

చూపించాను. చాలాసేపు గూళ్లను వేలితో తడిమింది.

"కొంగలు నిన్న గూడ వచ్చినయి. చుట్టు తిరిగి తిరిగి పోయినయి," అంది.

"పిల్లలను మీ చెలకకు తీసుకొస్తానమ్మా. కొంగల ముచ్చట నువ్వే చెప్పు," అన్నాను.

ఆ శనివారం పిల్లలు మోడు చుట్టూ కూర్చున్నారు. కొంగలు ఎప్పుడొస్తాయో, కూనలకు ఏం తెచ్చి పెడతాయో ఆమె పొద్దు వాలేదాకా చెప్పింది.

"చెట్టు కొట్టేటప్పుడు గూళ్లల్ల పిల్లలుండెనా అవ్వా?" అని ఒక చిన్నపిల్ల అడిగింది.

"ఉండె బిడ్డా," అని ఆమె మొహం కప్పుకుంది.

ఆ రోజు నేను వేరే పాఠం చెప్పలేదు.