తట్టి చూడని బండ

మొన్న క్యాసంబళ్ళి సంతలో ఒకామె కుండ కొనబోతూ వేలి కణుపుతో తట్టింది. ఖంగుమంది. మరోదాన్ని తడితే మొద్దుగా పలికింది. లోపలెక్కడో బీట ఉందని పక్కన పెట్టేసింది. ఆ శబ్దానికి నాకు బంగారు గనుల ఊరైన చాంపియన్ రీఫ్స్‌లో మా పక్కింటి మునెప్ప తాత గుర్తొచ్చాడు.

గనులు మూతపడేదాకా తాత భూమి లోపల ఒక జట్టుకు మేస్త్రీ. తలపైని బండను గడ్డపారతో తట్టి, శబ్దం విన్నాకే పని మొదలుపెట్టించాలి. మొద్దుగా పలికితే బండ ఊడిపడేలా ఉందని అర్థం. నేనేమో ఇంట్లో కూర్చుని ప్రోగ్రాములు రాసేదాన్ని. రక్తపరీక్షల ఫలితాలు చదివే చిన్న ప్రోగ్రామొకటి ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, తప్పు కనిపిస్తే రాసి పంపేలా నెట్‌లో పెట్టాను. ఎక్కడెక్కడి ల్యాబులవాళ్లో దాన్ని వాడేవాళ్లు. కొన్నాళ్లకు దొంగ ఫిర్యాదులు వెల్లువెత్తాయి. తప్పు పట్టామన్న పేరు కోసం ఏఐ చేత రాయించి, లేని తప్పును ఉన్నట్టు చూపేవి. ఒక్కోటి తేల్చడానికి పూటంతా పట్టేది. పొద్దున్నే ఆ జాబితా తెరవాలంటే భయం. వీటిలో ఒక్కటి నిజమైతే?

ఒక సాయంత్రం అరుగు మీద తాత దగ్గర విసుక్కున్నాను. "ఒకడు ఆరుసార్లు అబద్ధం రాశాడు తాతా. ఏడోది చదవకుండానే మూసేస్తా."

"తట్టి చూసినావా?" అన్నాడు.

"వాడు పచ్చి అబద్ధాలకోరు."

"మా జట్టులో ఎల్లప్ప అని ఉండె. పని ఎగ్గొట్టేకి, బండ మొద్దుగా పలకతా ఉండాదని ఊరికూరికే అరుస్తా ఉండె. మూడు తూర్లు తట్టి చూసినాను, ఏమీ లే. నాలుగోతూరి తట్టలేదు. పోప్పా, పని చూసుకో అన్నాను." టీ గ్లాసు కింద పెట్టాడు. "వాడు అబద్ధాలకోరేనమ్మా. బండ అబద్ధం చెప్పదు గదా."

లోపలికి వెళ్లి, ఆ ఏడో ఫిర్యాదులోని అంకెలను ప్రోగ్రాముకు ఇచ్చి చూశాను. ఒకటి పాయింట్ రెండు కాస్తా పన్నెండైంది. పాయింట్ మాయమైంది. సరిదిద్ది, వాడేవాళ్లకు హెచ్చరిక పెట్టి తాత దగ్గరికి పరుగెత్తాను.

ఆయన మెచ్చుకోలేదు. "ఎవురికైనా ఏమన్నా అయిందా?" అన్నాడు.

"తెలీదు తాతా."

"నాకు తెలిసిందమ్మా. ఎల్లప్ప పెండ్లాం ఒక్కతే ఇప్పుడూ మారికుప్పంలోనే ఉండాది. ఆ వీధిలో నేను పోను."

తాత పోయి ఏడాది దాటింది. ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి, దాదాపు అన్నీ అబద్ధాలే. మూసేయబోయిన ప్రతిసారీ నాకు భయం వేస్తుంది. ఆ భయం పోవాలని కోరుకోను. ముందు తట్టి చూస్తాను.